నూరు కిలోలు దాటిన పైల్వానుకు బాక్సింగ్ గార్డు

నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో రైలెక్కితే బాసర, గోదావరి వంతెన దాటితే కాసేపటికి నిజామాబాద్. బాక్సర్ నిఖత్ జరీన్ ఊరు. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయిన మనిషి ఇంత దగ్గర్లో ఉంటే దేగ్లూర్, బిలోలి వైపు పిల్లలు ఆమె వీడియోలు చూసి బాక్సింగ్ మీద మనసు పడటంలో వింతేం లేదు. చిక్కల్లా ఒళ్ళుతోనే. కుస్తీ తాలీంలో ఎర్రమట్టి మీద దండ్లు, బైఠకులు తీసి నూట పది, నూట ఇరవై కిలోలకు ఎదిగిన పైల్వాను, యాభై కిలోల మనిషి కాళ్ళ మీద తేలుతూ తల తప్పించే తీరును అనుకరిస్తే రెండో రౌండుకే ఊపిరి అందదు. అట్లని రెండు గ్లవ్సూ మొహానికి అడ్డం పెట్టుకొని గోడలా నిలబడితే అదీ గార్డు, అంటే దెబ్బలు ఆపే చేతుల అమరిక, కాదు. పెద్ద ఒంటికి గార్డు అంటే మోచేతులు ఎక్కడున్నాయి, ముందు చెయ్యి ఎంత దూరంలో ఉంది, ఈ రెండే. మొహం దగ్గర గ్లవ్స్ సంగతి ఆ తర్వాత.

ముందు కుస్తీ అలవాట్ల సంగతి చూద్దాం. కుస్తీలో తల ముందుకు, నడుం వంచి, రెండు చేతులూ చాచి అవతలివాడి మెడ కోసం, మణికట్టు కోసం వెతుకుతాం. అక్కడ అదే సరైన పద్ధతి. బాక్సింగ్‌లో అట్లా నిలబడటమంటే కింది నుంచి గదవకు వచ్చే అప్పర్‌కట్‌ను పిలిచి పీట వేసినట్టే. దీన్ని చూసుకోవడానికి మేస్త్రీలు గోడ నిటారు చూసే గుండు దారం చాలు. నిలబడ్డ మనిషి ముక్కు దగ్గర దారం పట్టుకుంటే గుండు రెండు మోకాళ్ళకూ మధ్యలో వేలాడాలి. ముందు మోకాలి కన్నా ముందుకు పోయి వేలాడిందంటే తల బయటికి వచ్చినట్టే. కిందికి దిగాలంటే మోకాళ్ళు వంగాలి గాని నడుం వంగకూడదు. బైఠకులు తీసిన తొడలు ఉన్నాయి కదా, అవి పనికొచ్చేది ఇక్కడే.

పాదాల మధ్య దూరం భుజాల వెడల్పుకు ఒక బెత్తెడు ఎక్కువ. ముందు పాదం నుంచి వెనక్కి గీత గీస్తే వెనక పాదం దానికి పక్కగా ఉండాలి, గీత మీద కాదు. ఒకే గీత మీద పెడితే, మోచెయ్యి వంచి పక్క నుంచి కొట్టే హుక్ తగిలినప్పుడు నూట ఇరవై కిలోలు అట్లనే ఒరుగుతాయి. కుస్తీలోలాగా రెండు పాదాలూ ఎదురుగా సమానంగా పెడితే ఛాతీ అంతా తెరిచి ఇచ్చినట్టు, పైగా ముందు చేత్తో తిన్నగా వేసే ఒక్క గట్టి జాబ్‌కు వెనక్కి తూలుతారు. బరువు వెనక కాలి మీద సగం కన్నా కాస్త ఎక్కువ, ఆ మడమ నేలకు అంటీ అంటనట్టు.

ఇక ఎత్తు గార్డు. ఎక్కడైనా మొదట నేర్పేది ఇదే: గ్లవ్స్ చెంప ఎముకల దగ్గర, మోచేతులు పక్కటెముకల మీద. మామూలు ఒంటికి ఇది సరిపోతుంది. ఆరడుగుల నాలుగు అంగుళాల మనిషిని తీసుకోండి. అంత పొడుగు మనుషుల్లో చాలామందికి గ్లవ్ కణత దాకా లేపితే మోచెయ్యి కింది పక్కటెముకల పైకి లేస్తుంది, కింద బెత్తెడో, ఒక్కోసారి జానెడో ఖాళీ. కుడివైపు ఆ ఖాళీ వెనకే లివర్ ఉంది. ఎదుటివాడి ఎడమ హుక్ అక్కడ తగిలితే మనసు లేవమన్నా కాళ్ళు లేవవు. దీనికి మందు చేతులు కిందికి దించడం కాదు. కడుపు కండ బిగించి ఛాతీని కాస్త లోపలికి ముడిచి, పక్కటెముకలనే మోచేతుల దగ్గరికి తేవాలి. ఛాతీ విరుచుకొని నిలబడటం పైల్వాన్లకు గౌరవం. రింగులో మాత్రం ఆ గౌరవాన్ని కొంచెం తగ్గించుకోక తప్పదు.

రెండో ఇబ్బంది కండదే. దండ్లు తీసి తీసి ఛాతీ, జబ్బలు లావైనవాడికి రెండు మోచేతులూ దగ్గరికి రావు. రెండు గ్లవ్స్ మధ్య నిలువుగా సందు మిగులుతుంది, జాబ్ అందులోంచి తిన్నగా ముక్కు మీదికి వస్తుంది. బలవంతంగా మోచేతులు దగ్గరికి నొక్కితే భుజాలు చెవుల దాకా లేచి, రెండు నిమిషాలకే మెడ పట్టేస్తుంది. కాబట్టి రెండు చేతులనూ ఒకే వరుసలో పెట్టకండి. వెనక గ్లవ్ బొటనవేలు గదవకు తాకేటట్టు, ముందు గ్లవ్ దానికన్నా ఓ జానెడు ముందు, కనుబొమ ఎత్తులో. అప్పుడు ముందు చెయ్యే ఆ సందుకు తలుపు. గదవ వచ్చి ముందున్న భుజం వెనక్కి ఒదగాలి. ఇంకో సంగతి: గ్లవ్ మొహానికి అంగుళం దూరంలో ఊరికే గాల్లో ఉంటే, దెబ్బ తగిలినప్పుడు సొంత గ్లవ్వే వచ్చి ముక్కు మీద కొడుతుంది. దెబ్బ వచ్చే క్షణాన గ్లవ్ నుదుటికో, చెంప ఎముకకో ఆని ఉండాలి. కళ్ళ ముందు మాత్రం పెట్టొద్దు, పెడితే రెండో దెబ్బ కనబడదు.

గ్లవ్స్ సైజు కూడా మోసం చేస్తుంది. ప్రాక్టీసులో పెద్దవాళ్ళు 16 ఔన్సులు, ఒక్కోసారి 18 వేసుకుంటారు. 16 ఔన్సులంటే దాదాపు 454 గ్రాముల దిండు, దాని చాటున సగం మొహం దాగుతుంది. అమెచ్యూర్ పోటీలో పెద్ద బరువులకు 12 ఔన్సులు, ప్రొఫెషనల్‌లో 10, అంటే 283 గ్రాములే. పైగా 2013 నుంచి ఎలైట్ స్థాయి మగవాళ్ళకు హెడ్‌గార్డు కూడా తీసేశారు. దిండు చాటున నేర్చుకున్న గార్డు పోటీ రోజున చిల్లులు పడుతుంది. పోటీకి నెల ముందు నుంచి వారానికి ఒక రోజైనా మెల్లగా, తాకీ తాకనట్టు, పోటీ గ్లవ్స్‌తోనే ఆడాలి.

మూడో రౌండులో చేతులు ఎందుకు జారతాయో చాలామంది పట్టించుకోరు. మనిషి చెయ్యి, భుజం నుంచి వేళ్ళ దాకా, మొత్తం బరువులో సుమారు ఇరవయ్యో వంతు. నూట పది కిలోలవాడికి ఒక్కో చెయ్యి ఐదున్నర కిలోలు, దానికి గ్లవ్ అదనం. మూడు నిమిషాల రౌండ్లు మూడు, అంతసేపూ ఆ బరువును భుజం కండ ఒక్కటే మోయాలంటే ఎంత ముద్గర్ తిప్పినవాడైనా సోలిపోతాడు. మోచెయ్యి పక్కటెముక మీద ఆనితే బరువు ఎముక మీద పడుతుంది, భుజానికి విశ్రాంతి దొరుకుతుంది. వస్తాదు 'చెయ్యి లేపు తమ్మీ, చెయ్యి లేపు' అని పక్కనుంచి ఎంత అరిచినా అలిసిన భుజం వినదు. 'మోచెయ్యి ఆనించు' అనాలి. మోచెయ్యి ఆనితే గ్లవ్ దానంతటదే దాని చోటుకు వస్తుంది.

పొడుగు చేతులవాడికి నా ఓటు ముందు చెయ్యి చాచిన గార్డుకే. ముందు చెయ్యి దాదాపు బారుగా, మోచెయ్యి కొద్దిగా వంగి, గ్లవ్ ఎదుటివాడి నుదుటికీ అతని ముందు గ్లవ్‌కూ మధ్య. వెనక చెయ్యి గదవ దగ్గరే. చాచిన చేతితో మూడు పనులు: అతని చూపుకు అడ్డం, అతని జాబ్ బయలుదేరిన చోటే తట్టడం, అతను లోపలికి వస్తే జబ్బ మీద ఆనించి ఆపడం. మోచెయ్యి పూర్తిగా బిగిస్తే అది కర్ర అవుతుంది. అతను దాన్ని కిందికి కొట్టి పైనుంచి కుడిచెయ్యి వేస్తాడు. ఆరడుగుల ఆరంగుళాల వ్లాదిమిర్ క్లిచ్‌కో ఏళ్ళ తరబడి ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ నిలబెట్టుకున్నది ఈ ముందు చేతితో, దాని వెనకే క్లించ్‌తో, అంటే ఎదుటివాణ్ణి చేతులతో చుట్టి పట్టుకోవడంతో. దీని హద్దూ ఆయన దగ్గరే కనిపిస్తుంది: 2013 అక్టోబర్‌లో మాస్కోలో పొవెత్కిన్ మీద గెలిచిన పోటీలో నెట్టినందుకు ఒక పాయింటు పోయింది. అమెచ్యూర్‌లో రెఫరీ అంతకన్నా తొందరగా పట్టుకుంటాడు. తెరిచిన గ్లవ్‌తో మొహాన్ని నెట్టి పట్టుకుంటే మొదట నోటి హెచ్చరిక, ఆ పైన అధికారికంగా వార్నింగ్ పడితే పాయింటు పోతుంది. తట్టాలి, వెంటనే వెనక్కి తీయాలి.

జాబ్ వేశాక ఆ చెయ్యి వచ్చిన దారినే తిరిగి రావాలి. బిందె తోడి కింద పెట్టినట్టు కిందికి తెచ్చి మళ్ళీ పైకి లేపితే, ఆ కింద ఉన్న క్షణంలోనే అవతలివాడి కుడిచెయ్యి వస్తుంది. పెద్దవాళ్ళలో ఈ తప్పు ఎక్కువ, ఎందుకంటే బరువు చెయ్యి కిందికి రావడం సులువు.

అడ్డ గార్డు పైల్వాన్ల ముంజేతులకు కుట్టించిన చొక్కా లాంటిది. కుడిచేతి వాటం ఉన్నవాడు ఎడమ ముంజేయిని పొట్టకు అడ్డంగా, బొడ్డుకు బెత్తెడు పైన పెట్టాలి. ఎడమ గ్లవ్ కుడి మోచెయ్యి కిందికి వస్తుంది. కుడి ముంజేయి గదవ ఎత్తులో అడ్డంగా, కుడి గ్లవ్ ఎడమ చెంప పక్కకు. గదవను కుడి మోచేతి మడతలోకి దించి, ముంజేతి పైనుంచి చూడాలి. జాబ్, క్రాస్ (వెనక చేతి దెబ్బ) లాంటి తిన్నని దెబ్బలు ముంజేయి ఎముక మీద పడి చచ్చిపోతాయి. లావైన ముంజేతులకు ఇది గోడే. ఆర్చీ మూర్ దీన్ని బాగా వాడాడు. కెన్ నార్టన్ దీని తీరులోనే ఆడి 1973 మార్చిలో మహమ్మద్ అలీ దవడ విరగ్గొట్టాడు. జార్జ్ ఫోర్‌మన్ రెండోసారి రింగులోకి వచ్చాక, వయసు, పొట్ట రెండూ పెరిగాక, దీన్నే నమ్ముకున్నాడు. 1994 నవంబర్ 5న నలభై ఐదేళ్ళ వయసులో, నూట పదమూడు కిలోల బరువుతో, మైకేల్ మూరర్ దగ్గర తొమ్మిది రౌండ్లు దెబ్బలు తిని పదో రౌండులో పడగొట్టాడు.

అయితే ఆ తొమ్మిది రౌండ్ల లెక్క మరిచిపోకండి. ఫోర్‌మన్‌కు పన్నెండు రౌండ్ల పోటీ ఉంది కాబట్టి కాచుకోగలిగాడు. మనకు మూడే రౌండ్లు. అడ్డ గార్డులోంచి జవాబు ఆలస్యంగా వస్తుంది. ముడిచిన చేతులు విప్పి కొట్టేలోపు ఎదుటివాడు వెళ్ళిపోతాడు, జడ్జీలు అతని దెబ్బలే లెక్కపెడతారు. కాబట్టి ఇందులో కాపురం పెట్టొద్దు. రెండు మూడు దెబ్బల వరుస వస్తున్నప్పుడు ముడవాలి, ఆగగానే విప్పాలి. విప్పేటప్పుడు ఎడమ చెయ్యి కింది నుంచి హుక్‌గా వస్తే దారి దగ్గర, కుడిచెయ్యి నేరుగా రావాలంటే మోచెయ్యి ముందు కిందికి దిగాలి. దీని చిల్లులు రెండు. ఒకటి చెవుల పక్క: చెవి వెనక్కి తిరిగి వచ్చే హుక్. దానికి భుజాలు తిప్పాలి. అతని ఎడమ హుక్‌కు ఎడమవైపు తిరిగితే కుడి మోచెయ్యి, కుడి భుజం అడ్డం వస్తాయి. రెండోది కింద: కుడి మోచెయ్యి అదాటుగా పైకి లేస్తే ఆ సందులోంచి అప్పర్‌కట్. ముంజేయి నేలకు సమాంతరంగా ఉండాలి, వాలు పైకప్పులా ఒక పక్క లేవకూడదు.

ముందు భుజంతో దెబ్బను జార్చే గార్డు ఉంది. ముందు చెయ్యి పొట్ట మీద, భుజం గదవకు అడ్డం. నడుం పాములా తిరిగితేనే అది నిలుస్తుంది. నూట ఇరవై కిలోలకు వద్దు.

వెనక్కి వాలడం పొడుగువాళ్ళకు పుట్టుకతో వచ్చే విద్య. తల ఓ జానెడు వెనక్కి పోతే పొట్టివాడి దెబ్బ అందదు. ఒకసారి వాలండి, రెండోసారి మాత్రం అడుగు వెయ్యండి. ఒకసారి వాలేసరికి బరువంతా వెనక కాలి మీద పడుతుంది, ఇంకా వాలడానికి చోటు లేదు, పక్కకు జరగడానికి కాలు లేవదు. వెనక తాళ్ళు ఉంటే ఇంకా చేటు. లెనాక్స్ లూయిస్ 2001 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలో హసీమ్ రెహ్మాన్ చేతిలో పడింది అట్లనే: వీపు తాళ్ళ దగ్గర, చేతులు కింద, ఒక్క కుడిచెయ్యి. అదే ఏడు నవంబర్‌లో టైటిల్ తిరిగి తెచ్చుకున్నాడు గాని ఆ దెబ్బ వీడియో ప్రతి పొడుగువాడూ చూడాలి. 1974లో కిన్షాసాలో అలీ తాళ్ళ మీద వాలి ఫోర్‌మన్‌ను అలసిపోనిచ్చాడు కదా అంటారు. అలీ మోచేతులు పొట్టకూ, గ్లవ్స్ మొహానికీ ఆనించి వాలాడు, మధ్య మధ్య మెడ పట్టి లాగాడు. చేతులు దించి వాలలేదు.

పొట్టివాడు ఎదురైతే అసలు పరీక్ష. అన్నిటికన్నా పెద్ద బరువు విభాగమైన సూపర్ హెవీకి కింది హద్దే గాని పై హద్దు లేదు. ఒకప్పుడు 91 కిలోల పైన, పారిస్ ఒలింపిక్స్ నాటికి 92 పైన. 95 కిలోల చురుకైనవాడు 125 కిలోలవాడి మీదికి రావచ్చు. 1919 జూలై 4న టొలీడోలో జరిగింది అదే. జెస్ విలర్డ్ ఆరున్నర అడుగుల మనిషి, నూట పదకొండు కిలోలు. జాక్ డెంప్సీ ఎనభై అయిదు. మొదటి రౌండులోనే విలర్డ్ ఏడుసార్లు కిందపడ్డాడు. పొట్టివాడు లోపలికి వచ్చాక పెద్దవాడు అతన్ని చూడటానికి తల వంచుతాడు, అప్పుడు గదవ సరిగ్గా అతని హుక్ ఎత్తుకు దిగుతుంది. వంగొద్దు. మోకాళ్ళు వంచి కళ్ళు అతని కళ్ళ ఎత్తుకు తేవాలి, లేదంటే ముందు ముంజేయి అతని మెడకూ భుజానికీ మధ్య పెట్టి నిటారుగానే ఉండాలి.

2019 జూన్‌లో న్యూయార్క్‌లో ఆంటొనీ జాషువా పొరపాటు ఇంకో రకం. మూడో రౌండులో ఆండీ రూయిజ్‌ను పడగొట్టి, ముగించేద్దామని పొట్టివాడికి అందే దూరంలోకి తనే వెళ్ళి హుక్‌లు కొట్టాడు. రూయిజ్ ఎడమ హుక్ కణత మీద తగిలింది. కొట్టేటప్పుడే గార్డు తెరుచుకుంటుంది. ఒక చెయ్యి బయటికి పోతే రెండో చెయ్యి గదవకు అంటుకుని ఉండాలి, అది ఎంత గెలుస్తున్న పోటీ అయినా సరే.

క్లించ్‌లో పైల్వాన్లకు నేర్పాల్సిందేమీ లేదనుకుంటాం. నేర్పాల్సింది ఎక్కువ మరిపించడమే. జాబ్ వేసి అడుగు లోపలికి, ముందు చెయ్యి అతని వెనక జబ్బ మీదుగా మోచేతి పైన చుట్టాలి, వెనక గ్లవ్ అతని రెండో జబ్బ మీద, నుదురు పక్కకు అతని భుజం మీద. తల తలకు తగిలితే చీలుతుంది, అది ఫౌల్. మెడ మీద బరువేసి కిందికి నొక్కితే ఫౌల్. నడుం పట్టి ఎత్తితే చెప్పనక్కర్లేదు. భుజం మీదుగా ఎత్తి పడేసే ధోబీ పఛాడ్ పట్టు చేతుల్లో మేల్కొనేది ఈ క్షణంలోనే. రెఫరీ 'బ్రేక్' అనగానే చేతులు పైన పెట్టి పూర్తి అడుగు వెనక్కి. చాలా దెబ్బలు ఆ వెనక్కి వెళ్ళేటప్పుడు చేతులు దించినందుకే తగులుతాయి.

ఎడమచేతి వాటంవాడు వస్తే ఇద్దరి ముందు చేతులూ ఒకదానికొకటి అడ్డం. అతని ఎడమ తిన్నని దెబ్బ మీ రెండు గ్లవ్స్ మధ్య సందులోంచే వస్తుంది. ముందు పాదం అతని పాదానికి బయటివైపు, వెనక గ్లవ్ అరచెయ్యి తెరిచి గదవ ముందు, బంతి పట్టినట్టు. ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన మొదటి భారతీయ సూపర్ హెవీ సతీశ్ కుమార్ టోక్యోలో అంతకుముందు పోటీలో పడ్డ పదమూడు కుట్లతోనే క్వార్టర్ ఫైనల్లో బఖొదిర్ జలొలొవ్ ఎడమచేతికి ఎదురు నిలబడ్డాడు. 2024 మేలో రియాద్‌లో ఆరడుగుల తొమ్మిదంగుళాల టైసన్ ఫ్యూరీని తొమ్మిదో రౌండులో తాళ్ళ మీదికి విసిరిందీ ఎడమచేతి వాటం ఉన్న ఉక్రెయిన్ బాక్సర్ ఊసిక్ ఎడమ చెయ్యే.

సాధనకు పెద్ద సామాను అక్కర్లేదు. చేతి తువ్వాల మడిచి వెనక చెయ్యి చంక కింద పెట్టి మూడు నిమిషాల జాబులు, నిమిషం విరామం, మూడు రౌండ్లు. జాబ్ వేసినప్పుడల్లా తువ్వాల పడిందంటే వెనక మోచెయ్యి పక్కటెముక వదిలి పోతున్నట్టు. ముందు చంక కింద పెట్టొద్దు, జాబ్ బారుగా పోతే అది పడటం సహజం. కొట్టే సంచి యాభై కిలోలకు తగ్గకుండా ఉండాలి, లేకపోతే ఈ ఒంటికి అది గాలిపటం. సంచికోసం ధర్మాబాద్ అడ్తి దుకాణాల్లో మిర్చి మోసిన గోనెలు మాత్రం తేవద్దు. ఎన్ని ఉతుకులు ఉతికినా దెబ్బ పడ్డప్పుడల్లా కళ్ళు మండి తుమ్ములు.

గార్డు చిల్లులు కనిపెట్టడానికి సుద్దముక్కను మించింది లేదు. జోడీగా ఆడేవాడి గ్లవ్స్ పిడికిలి భాగం మీద తడి సుద్ద రుద్ది ఆరనివ్వాలి, పొడి చల్లితే కళ్ళలో పడుతుంది. పైల్వానుకు నల్ల బనీను, హెడ్‌గార్డు. జోడీ సగం బలం కూడా లేకుండా, తాకిస్తూ మూడు నిమిషాలు ఆడాలి. తర్వాత గుర్తులు చదవాలి. కుడి పక్కటెముకల కింద తెల్లగా ఉంటే వెనక మోచెయ్యి లేస్తోంది. హెడ్‌గార్డు మధ్యలో ఉంటే ముందు చెయ్యి దగ్గరికి వచ్చేసింది. కుడి చెవి దగ్గర ఉంటే అతను ఎడమ హుక్ వేసినప్పుడు వెనక గ్లవ్ గదవ వదిలింది, ఎడమ చెవి దగ్గర ఉంటే జాబ్ చెయ్యి కిందినుంచి తిరిగొస్తోంది. ముంజేతుల మీద, భుజాల మీద ఎంత తెల్లగా ఉన్నా పట్టించుకోనక్కర్లేదు, అవి ఉన్నది అందుకే. ప్రతి శనివారం ఒకసారి ఈ పరీక్ష పెట్టి, బనీను ఉతకకముందే ఫోటో తీసి ఉంచుకుంటే చాలు.